అక్కతో విభేదాలు

అక్క పోయిన మరునాడు పొద్దున్నే మాస్టరు నా షాపుకు వచ్చారు. ధర్మవరం స్టేషన్ రోడ్డులో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసి ఇస్తుంటాను. మామూలుగా మాస్టరు చెప్పులు విప్పకముందే విషయం మొదలుపెట్టే మనిషి. ఆ రోజు కంప్యూటర్ పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు.

"సంతాపసభ కరపత్రమా సార్?" అని నేనే అడిగాను.

"ఊఁ. రాసుకో. 'కార్మికోద్యమ నాయకురాలు...' వద్దు, కొట్టెయ్."

కొట్టేశాను.

"'అలుపెరగని పోరాటయోధురాలు' అని పెడదామా సార్? అందరూ అట్లే పెట్టిస్తారు."

"ఆయమ్మ వినింటే నిన్నూ నన్నూ ఈ రోడ్డు మీదనే తిడతాండె. ఏమీ వద్దప్పా. పేరు పెట్టు. టైము, చోటు పెట్టు. అంతే."

కింద ఎవరి పేరు వేయాలని అడగడానికి నాకు నోరు రాలేదు. మాస్టరుది ఒక ఎర్రజెండా, అక్కది ఇంకో ఎర్రజెండా. ఆమె సంతాపసభకు ఈయన కరపత్రం వేయించడం ఏమిటని ఆ పార్టీవాళ్ళూ అడుగుతారు, ఈ పార్టీవాళ్ళూ అడుగుతారు. ఆయన నా మొహం చూసి అర్థం చేసుకున్నారు.

"వాళ్ళను అడిగే వస్తాండా. ఇద్దరం కలిసి పెడతాండాం. కింద రెండు సంఘాల పేర్లూ వెయ్. వాళ్ళది ముందు వెయ్."

ఆ చివరి మాట మాస్టరు నోట వినడం నాకు అదే మొదటిసారి.

అక్క పేరు నేనిక్కడ రాయను. ధర్మవరంలో ఆమెను పేరు పెట్టి పిలిచింది పోలీసులు మాత్రమే, అదీ పాత రోజుల్లో. మిగిలిన అందరికీ ఆమె అక్కే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు. చిన్నతనం నుంచి గుంట మగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి కావడం వల్ల నడుము కొంచెం ముందుకు వంగి ఉండేది. ఎంత పెద్ద సభ అయినా కుర్చీలో కూర్చునేది కాదు. నా షాపుకు వస్తే నేల మీద, కాగితం బండిళ్ళకు ఆనుకుని కూర్చునేది. కుర్చీ వేస్తే చేత్తో పక్కకు నెట్టేసేది.

"కుర్చీలో కూర్చుంటే నాకు నడుము కాదప్పా, బుద్ధి నొస్తాది," అనేది.

ఆమె చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఉండేవి. వాదన మొదలవగానే వాటిని తీసి ఒలవడం మొదలుపెట్టేది. ఒలిచిన గింజల్లో సగం తన ఒడిలో వేసుకుని, సగం ఎదుటి మనిషి ముందు పెట్టేది. ఆ మనిషి తనను ఎంత తిడుతున్నా సరే. ఇంకొక అలవాటు, అందరూ భయపడేది, మాటకు ముందు నవ్వడం. మామూలు విషయాలకు ఆమె నవ్వేది కాదు. ఎవరి వాదననైనా నిలువునా కోసేయబోయేటప్పుడు మాత్రం ముందుగా ఒక చిన్న నవ్వు నవ్వేది. ఆ నవ్వు కనపడగానే మాస్టరు నోట్లో గింజ నమలడం ఆపేసేవారు.

ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఒకే పార్టీలో ఉండేవాళ్ళు. గోరంట్ల పక్క పల్లెల్లో భూముల కోసం కొట్లాడి, ఒకే జైల్లో, గోడకు అటొకరు ఇటొకరు ఉండి వచ్చినవాళ్ళు. మాస్టరుకు బడి ఉద్యోగం పోయింది ఆ రోజుల్లోనే. తర్వాత పార్టీ చీలింది. ఎందుకు చీలిందని నేను ఇద్దరినీ వేరువేరుగా అడిగాను. రెండు వేరే కథలు చెప్పారు. రెండు కథల్లోనూ తప్పు అవతలివాళ్ళదే. విప్లవం వస్తుందని మాత్రం ఇద్దరూ ఒక్కలాగే నమ్మేవాళ్ళు. ఏ దారిన వస్తుందన్నదే తగాదా.

చేనేతకు గడ్డురోజులు వచ్చాక, రెండు పార్టీల నేత సంఘాలూ కలిసి ఒక పోరాట కమిటీ పెట్టుకున్నాయి. ఒక పక్క నాయకుడు మాస్టరు, ఇంకొక పక్క అక్క. ఉమ్మడి కరపత్రాలు నా షాపులోనే తయారయ్యేవి. తయారయ్యేవి అనడం కంటే ఈడ్చుకుంటూ పుట్టేవి అనాలి. మాస్టరు ఒక వాక్యం చెప్తారు. అక్క దానిలో ఒక మాట మార్చమంటుంది. ఆ మాట దగ్గర పొద్దు వాలేది.

ఎక్కువగా ఆగిపోయేది మరమగ్గాల దగ్గరే. చేతిమగ్గం మీద రోజుల తరబడి నేసే చీరను కరెంటు మగ్గం ఒక్కరోజులో దించేస్తుంది. కొన్ని రకాలు చేనేతవాళ్ళే నేయాలని చట్టం ఉంది. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. ఆ రకాలు నేసే మరమగ్గాల షెడ్డులన్నిటినీ మూయించాలని మాస్టరు పట్టు. మూయించాలన్న మాట ఒక్కటీ కరపత్రంలో పడనివ్వనని అక్క పట్టు.

"మూయించు మాస్టరూ, మంచిదే. ఆడ పనిచేసే పిల్లోళ్ళను యాడికి తోల్తావు? వానల్లేక బుడ్డలు ఎండిపోయి పల్లెలు ఇడిచి వచ్చినోళ్ళు. మళ్ళా బెంగుళూరికి రైలెక్కమంటావా?"

"చేనేత చచ్చిపోతే వాళ్ళూ బతకరమ్మా. షెడ్డాయన రేపు ఇంకా పెద్ద మిషను తెస్తాడు. అప్పుడు వాళ్ళనూ బయటికి తోస్తాడు. నువ్వేమో ఆయన షెడ్డుకు కాపలా కాస్తాండావు."

అక్క నవ్వింది. మాస్టరు నమలడం ఆపారు.

"నువ్వు ఊపిరి పోతాండే మగ్గానికి కాపలా కాస్తాండావు. ఇద్దరం వాచ్‌మెన్లమే పో. ఏం రాయిస్తావో రాయించు."

చివరికి 'ప్రభుత్వం వెంటనే తగిన చర్యలు తీసుకోవాలి' అని పడేది. ఇద్దరికీ నచ్చేది కాదు. ఇద్దరూ సంతకం పెట్టేవాళ్ళు. ఒకసారి ఆమె సంఘంలోని కుర్రాడు ఒకడు విసుగెత్తి, ఈ ముసలాయనతో మనకు కుదరదక్కా అని లేచి బయటికి పోబోతే, అక్క వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"కొట్లాడు. లేసి మాత్రం పోవాకు. లేసిపోయినోని మాట ఎవరికీ ఇనపడదు," అంది.

కమిటీ రెండు మూడేళ్ళు అట్లా నడిచింది. తర్వాత షెడ్డు గొడవ వచ్చింది.

ఆ రోజు చేనేత ఆఫీసు ముందు ధర్నా. ఫోటోలు తీయమంటే నేనూ వెళ్ళాను. మంచి ఎండ. ఊళ్ళో పేరున్న ఒక రకం చీరను బోర్డరుతో సహా షెడ్డులో దించి సగం ధరకు అమ్ముతున్నారని అందరికీ కడుపు మండిపోయి ఉంది. అధికారి సెలవులో ఉన్నాడని గుమాస్తా వచ్చి చెప్పగానే, ఎవరో "షెడ్డు కాడికే పోదాం పాండి" అని అరిచారు. జనం కదిలారు. మాస్టరు ముందు నడిచారు. షెడ్డుకు తాళం వేయించి, అధికారి వచ్చేదాకా అక్కడే కూర్చోవాలని ఆయన ఆలోచన. అక్క మాత్రం ఆ గుంపులో కనిపించలేదు.

మేం చేరేసరికి షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. యజమాని లేడు. పనిచేసే ఆడపిల్లలూ మగపిల్లలూ ఒక మూల ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండు మిషన్ల నడుమ నేల మీద అక్క కూర్చుని ఉంది. ధర్నా దగ్గర అరుపు వినగానే ఆటో పట్టుకుని మా కంటే ముందు వచ్చేసిందన్నమాట.

"లెయ్ కామ్రేడ్," అన్నారు మాస్టరు వాకిట్లో నిలబడి. కోపం వస్తేనే ఆయన ఆమెను కామ్రేడ్ అనేవారు.

"ఏంటికి?"

"షెడ్డుకు తాళం ఏస్తాం."

"ఎనక్కి తిరిగి చూడు మాస్టరూ. వాళ్ళు తాళం పట్టుకోని వచ్చినారో, రాళ్ళు పట్టుకోని వచ్చినారో."

ఆయన తిరిగి చూశారు. నేను కూడా అప్పుడే చూశాను. ముందు వరసలోనే నాలుగైదు చేతుల్లో రాళ్ళున్నాయి.

మూలనుంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. ఆమె పేరు షమీమ్ అని తర్వాత తెలిసింది. ఆపకుండా మాట్లాడింది.

"సార్, మా నాయన కూడా చీరలు నేస్తాండె. నడుము పోయినాక మగ్గం ఎత్తేసినాం. నేను ఈడ పనిచేస్తేనే ఇంట్లో పొయ్యి అంటుకునేది. మా నాయన మీకు తెలుసు. మీ సంఘంలోనే ఉండె."

"ఎవరు మీ నాయన?"

"బాషా."

మాస్టరు ఆ పిల్ల మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత వాకిలికి అడ్డంగా రెండు చేతులూ చాపి, మా వైపు తిరిగి నిలబడ్డారు. ఒక రాయి ఆయన తల మీదుగా పోయి రేకుల మీద పడింది. ఆయన కదల్లేదు.

"పోయేటోడు నన్ను దాటి పోండి," అన్నారు.

ఆ గుంపులో ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరొకరుగా రాళ్ళు కింద పడేశారు. వెనకవాళ్ళు వెళ్ళిపోయారు. ముందువాళ్ళు కూడా వెళ్ళిపోయారు.

ఇక ఇద్దరి మధ్యా సర్దుకుందనుకున్నాను. కానీ అసలు తెగింది అప్పుడే. అందరూ పోయాక మాస్టరు ఆమెతో అన్నారు: "నువ్వు చేసింది తప్పు. కమిటీకి చెప్పకుండా ఒక్కదానివే వచ్చినావు. నాకు చెప్పింటే నేనే ఆపుతాంటి."

"ఆపుతాంటివా?"

"ఆపుతాంటి."

"నాకు నమ్మకం లేకపాయె మాస్టరూ."

ఆ రాయి తలకు తగిలినా ఆయన అంత నొచ్చుకునేవారు కాదు.

వారం తిరక్కుండానే ఆయన కమిటీ నుంచి తప్పుకుంటున్నట్టు కరపత్రం రాసుకుని నా దగ్గరికి తెచ్చారు. నాలుగు పేరాలు. అక్క వర్గద్రోహానికి పాల్పడిందని మొదటి పేరాలోనే ఉంది. చేతులు రాకపోయినా కంపోజ్ చేశాను. ప్రూఫు బల్ల మీద ఉండగా అక్క వేరే పని మీద షాపుకు వచ్చింది. నేను దాచబోయాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని, కాగితం బండిళ్ళకు ఆనుకుని కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చదివింది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"మూడో పేరా బాగుండాది," అంది.

మూడో పేరాలో ఉన్నది మాస్టరు ఎప్పుడూ అనే మాటే. షెడ్డు యజమానులు ఈ రోజు చేనేతను మింగుతారు, రేపు ఇంకా పెద్ద మిషన్లు తెచ్చి షెడ్డు కార్మికులనే బయటికి నెడతారు, అప్పుడు వాళ్ళ పక్కన ఎవరుంటారు అని.

"నాకూ ఒక కట్ట కొట్టియ్యి," అంది అక్క.

"నీకెందుకక్కా ఇది?"

"షెడ్డు పిల్లోళ్ళకు ఇస్తా. వాళ్ళు చదవల్ల. లేకుంటే వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే ఇనపడుతుంది."

నిజంగానే పంచింది. తనను ద్రోహి అన్న కాగితాన్ని తన చేత్తో తానే షెడ్డు షెడ్డుకూ తిరిగి ఇచ్చి వచ్చింది. ఆమె పార్టీలో పెద్ద గొడవైంది. ప్రత్యర్థుల ప్రచారం చేసిందని సంజాయిషీ అడిగారు. జిల్లా బాధ్యతలనుంచి తప్పించారు. ఆ సంగతి నాకు చెబుతూ, "పోనీలే, అనంతపురం మీటింగులకు పోయే పని తప్పింది," అంది. అన్నది తేలిగ్గానే కానీ, ఆ రోజు సంచిలోంచి తీసిన బుడ్డల్లో ఒక్కటీ ఒలవలేదు.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఏళ్ళు గడిచాయి. ఆయన స్టేషన్ రోడ్డులో వస్తుంటే ఆమె పక్క సందులోకి తిరిగేది కాదు, ఆయనా తిరిగేవారు కాదు. ఎదురెదురుగా వచ్చి, తలలు ఊపుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. నా షాపులో మాత్రం ఒకరి గురించి ఒకరు అడిగేవాళ్ళు. "ఆ షెడ్డు నాయకురాలు ఏమంటాంది?" అని ఆయన. "మా మాస్టరు ఏం రాయిస్తాండాడు?" అని ఆమె.

అక్కకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చారని తెలిసిన రోజున మాస్టరు షాపుకు వచ్చారు.

"నాకు అనంతపురంలో పనుండాది. నువ్వూ వస్తావా?"

"ఏం పని సార్?"

"పని."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా విత్తనం పడని ఎర్రచేలు. వార్డులోకి పోయేసరికి అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన షమీమ్. ఇప్పుడామె, అక్క పెట్టించిన షెడ్డు కార్మికుల సంఘానికి కార్యదర్శి. అక్క మమ్మల్ని చూసి, షమీమ్‌ను జరగమని, "రా మాస్టరూ, మంచం మీద కూర్చో," అంది. నిన్న సాయంత్రం విడిపోయిన మనుషుల్లాగా.

కాసేపు జబ్బు సంగతి నడిచింది. తర్వాత అక్కే అంది: "షెడ్డుల్లో కొత్త మిషన్లు దిగినాయి. మా పిల్లోళ్ళను సగం మందిని తీసేసినారు. నువ్వు రాసినట్లే అయింది."

ఆ ఒప్పుకోలు కోసం ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు. కానీ ఆయన తల అడ్డంగా ఊపారు.

"నేను రాసిందాంట్లో అదొక్కటే నిజమయిందమ్మా. చేనేతను బతికించుకుంటామని కూడా రాసినా. అది కాలేదు. ఆ పొద్దు షెడ్డు మూయించింటే కూడా అయ్యేది కాదేమో."

"ఇప్పుడు పట్టుదారం ధర మండిపోతాంది. ఈ పక్క మగ్గాలు నిలిచిపోయినాయి, ఆ పక్క షెడ్డులూ నిలిచిపోయినాయి. ఇద్దర్నీ కలిపి కలెక్టరు కాడికి తీసుకపో మాస్టరూ. ఈ పాపను కలుపుకో."

"దారానికైతే కలుస్తాం. షెడ్డోళ్ళకు కూడా సర్కారు ఇచ్చే నేతగాళ్ళ గుర్తింపు కార్డులు కావల్లంటారు నువ్వూ ఈ పాపా. దానికి నేను ఒప్పను."

"ఎందుకొప్పరు సార్?" షమీమ్ లేచి నిలబడింది. "మేం నేసేది చీర కాదా?"

"చీరే. నేసేది నువ్వు కాదు, కరెంటు."

"కరెంటుకు ఆకలయితాదా సార్? నాకయితాది!"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, ఇది ఆసుపత్రా అసెంబ్లీనా, నోర్మూయకపోతే ఇద్దరినీ బయటికి పంపిస్తానంది.

"నన్నూ పంపించమ్మా వాళ్ళతో," అంది అక్క. అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఎవరినీ కోసే మాట రాలేదు. దగ్గు వచ్చింది, దగ్గుతూనే మళ్ళీ నవ్వింది. నేను ఆమెను చూడడం అదే ఆఖరు.

తిరుగు బస్సు ధర్మవరం దగ్గర పడుతుండగా మాస్టరు అన్నారు: "నాతో ఒప్పుకునేటోళ్ళు నాకు శానామంది ఉండారప్పా. వాళ్ళతో ఏం మాట్లాడేది?"

సంతాపసభకు హాలు నిండింది. ఒక పక్క చేనేత సంఘంవాళ్ళు, ఒక పక్క షెడ్డు సంఘంవాళ్ళు, నడుమ దారి. వక్తలు ఒకరి తర్వాత ఒకరు పొగిడారు. మాస్టరు వంతు వచ్చింది.

"చచ్చిపోయినోళ్ళను పొగడటం మా ఇద్దరికీ అలవాటు లేదు," అని మొదలుపెట్టారు. "ఆయమ్మతో నాకు విభేదాలు ఉండాయి. ఉండె అనడంలేదు, ఉండాయి అంటాండా. షెడ్డులో ఆ పొద్దు ఆమె చేసింది సరైందే. నేను ఆపేటోన్ని కాదేమోనని ఇప్పుడు నాకూ అనుమానం. కానీ కార్డుల సంగతిలో ఆమె తప్పు. చేనేత పేరుతో వచ్చే నాలుగు మెతుకులు మిషను మీద పనిచేసేటోళ్ళకు పంచితే మగ్గం మొత్తానికే పోతాది."

హాలు గుసగుసలాడింది. షమీమ్ తన వరసలోంచి లేచింది.

"అట్ల కాదు సార్..."

అధ్యక్షుడు గాభరాపడి మైకు దగ్గరికి వంగాడు. "అమ్మా, కూర్చో. ఇది సంతాపసభ. చర్చలు తర్వాత పెట్టుకుందాం."

"ఉండప్పా," అన్నారు మాస్టరు. "ఆ పాపను మాట్లాడనీ. మైకియ్యి."

షమీమ్ మాట్లాడింది. చేనేత సంఘంలోంచి ఒకాయన లేచి ఆమెకు జవాబు చెప్పాడు. దానికి షెడ్డు కుర్రాడొకడు అడ్డు చెప్పాడు. మౌనం పాటించడం ఎవరికీ గుర్తు లేదు. హాలు తాళాలవాడు వచ్చి నిలబడేదాకా నడిచింది. కార్డుల మీద ఏమీ తేలలేదు. దారం ధర మీద రెండు సంఘాలూ కలిసి కలెక్టరు దగ్గరికి పోవాలని మాత్రం తేలింది.

జిల్లాలు మారాక మా కలెక్టరాఫీసు పుట్టపర్తికి పోయింది. రెండు బస్సులు నిండా బయలుదేరాం. కొత్తచెరువు దాకా మాస్టరూ షమీమూ ఒకే సీట్లో కూర్చుని వాదించుకుంటూనే ఉన్నారు. కలెక్టరాఫీసు గేటు దగ్గర పోలీసు అధికారి ఆపాడు.

"ఒక్కరే లోపలికి రావాలి. మీ నాయకుడెవరు?"

మాస్టరు షమీమ్ వైపు చూశారు. "ఇద్దరం సార్."

"ఒక్కరన్నాను కదా. అందరిదీ ఒకటే మాటేనా కాదా?"

"దారం మీద ఒకటే మాట సార్," అంది షమీమ్.

"కార్డుల మీద రెండు మాటలుండాయి," అన్నారు మాస్టరు. "నేను ఒక్కన్నే పోతే ఈ పాప మాట సరిగ్గా చెప్పలేను. ఆమె పోయినా నాది చెప్పలేదు. రెండూ కలెక్టరు ఇనల్ల."

అధికారి ఇద్దరినీ ఎగాదిగా చూసి గేటు తెరిచాడు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గోడ నీడన చేనేతవాళ్ళూ షెడ్డువాళ్ళూ అన్నం పొట్లాలు విప్పుకుని కలిసి తింటున్నారు. అందరూ చేతులు కడుక్కోకుండానే లేచి చుట్టూ మూగారు. దారం రాయితీ కోసం ప్రభుత్వానికి రాస్తామన్నారట. అధికారులు ధర్మవరం వచ్చి మగ్గాలనూ, షెడ్డులనూ రెండింటినీ చూస్తారట.

"మరి కార్డులు?" అని అడిగారు ఎవరో.

"ముందు మీరిద్దరూ ఒక మాటకు రాండి అన్నాడు కలెక్టరు," అంది షమీమ్.

"వస్తారా?"

మాస్టరు అన్నం పొట్లం అందుకుని, నీడలో చోటు చూసుకుని కూర్చున్నారు. ఒక ముద్ద తిని షమీమ్ వైపు తిరిగారు.

"ఆదివారం మా ఇంటికి రా పాపా. పొద్దున్నే రా. ఒక పూటలో తేలేది కాదిది."